గాలివాన నష్టం ఎవరి చిట్టాలో ఉంది? ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఒక రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం ఉండాలని నిర్దేశించి, దానికి అధ్యక్షత వహించే బాధ్యతను ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి పదవికి అప్పగించింది. ఆ పదవిలో ఎవరున్నా వర్తించే ఆ బాధ్యతను ఉద్దేశించి రాస్తున్న లేఖ ఇది; వ్యక్తులతో దీనికి నిమిత్తం లేదు. హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటలతో అల్లుకుపోయిన ఐటీ కారిడార్‌లో ఎండాకాలం చివర విరుచుకుపడే గాలివానలూ, వానాకాలంలో గంటా రెండు గంటల్లో కురిసిపోయే కుండపోతలూ మిగిల్చే నష్టాన్ని ప్రభుత్వం దేనితో కొలుస్తున్నది, ఆ కొలతలో ఎవరు ఇముడుతున్నారు, ఎవరు జారిపోతున్నారు అన్నదే ఇందులోని విషయం.

తుపాను అనగానే తెలుగువారికి కోస్తా గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికల పద్ధతి మెరుగుపడింది, వాయుగుండం పుట్టిన నాటి నుంచి అది తీరం దాటే గంట వరకు దాని జాడ చెప్పే యంత్రాంగం స్థిరపడింది. హైదరాబాద్ పడమటి అంచున వచ్చే ఆపద తీరు వేరు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండకు కాగిన నేల మీది గాలి తేమను మోసుకొని పైకి లేచి, పది పన్నెండు కిలోమీటర్లకు పైగా ఎత్తుకు పెరిగే మేఘాలుగా మారుతుంది. వార్తల్లో తరచుగా వినిపించే క్యుములోనింబస్ మేఘాలు ఇవే. మేఘం లోపల వాన, వడగండ్లు పడుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరచడంతో బరువెక్కిన ఆ గాలి ఒక్క ఉదుటున నేలకు దిగి, తగిలిన చోటు నుంచి నలువైపులా పరుచుకుంటుంది. ఎత్తయిన భవనాల నడుమ ఇరుకు దారి దొరికితే దాని వేగం ఇంకా పెరుగుతుంది. దీనికి ముందుగా దొరికే వ్యవధి రోజులు కాదు, గంటలు మాత్రమే. వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన, అంటే రాబోయే మూడు గంటలకు మాత్రమే వర్తించే హెచ్చరిక, దాదాపు ఏకైక ఆధారం. కాబట్టి తీరప్రాంతం కోసం తీర్చిదిద్దిన పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చి పెడితే పని జరగదు.

గాలివాన వెలిసిన గంటలో బయటికి వచ్చే సమాచారం దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. బయోడైవర్సిటీ కూడలిలో నీరు ఎంత లోతు నిలిచింది, ఐకియా ముందు వాహనాలు ఎంతసేపు ఆగిపోయాయి, రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో ఎంత రద్దీ ఉంది అన్నవే ఆ వార్తలు. 2023 జూలైలో వరుస వానలు పడుతున్నప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలను మూడు భాగాలుగా విభజించి, మధ్యాహ్నం 3 గంటల నుంచి సాయంత్రం 6 వరకు ఉద్యోగులను విడతలవారీగా ఇళ్లకు పంపాలని సూచించారు. ఆలోచించి చేసిన మంచి ఏర్పాటే అది, దానివల్ల మేలు జరిగింది కూడా. అయితే అది కార్డు తాకించి లోపలికి వెళ్లేవారి కోసం చేసిన ఏర్పాటు. వారు వెళ్లిపోయిన తరువాత కూడా కారిడార్‌లోనే ఉండిపోయే కాపలాదారులు, క్యాంటీన్ వంటవారు, బండి మీద భోజనం పొట్లాలు మోసే కుర్రవాళ్లు, అన్నిటికీ మించి ఆ భవనాలను కడుతున్న కూలీలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ప్రణాళిక అంత స్పష్టంగా ఎక్కడా కనబడదు.

ఈ లోటు ఎంత ఖరీదైనదో 2024 మే 7 నాటి సాయంత్రం చూపించింది. ఆ రోజు నగరమంతటా కురిసిన భారీ గాలివానకు, సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోని బాచుపల్లిలో, రేణుకా ఎల్లమ్మ కాలనీ వద్ద కడుతున్న ఒక అపార్టుమెంటు రిటైనింగ్ వాల్, అంటే ఎత్తుపల్లాల మధ్య మట్టి జారకుండా ఆపే గోడ, పక్కనే ఉన్న కూలీల రేకుల షెడ్ల మీద కూలింది. ఏడుగురు చనిపోయారు; వారంతా ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వలస వచ్చిన కుటుంబాలవారు, వారిలో నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు. శిథిలాలు తొలగించి మృతదేహాలను వెలికి తీసేసరికి మరునాటి తెల్లవారుజాము అయింది. లోక్‌సభ ఎన్నికల ప్రచారం చివరి రోజుల్లో ఉన్నందున ఆ వార్త రెండు రోజులు నిలిచి కనుమరుగైంది. గోడ కూలడానికి గాలివాన కారణమా, కట్టడంలోని లోపం కారణమా అన్నది దర్యాప్తులూ న్యాయస్థానాలూ తేల్చవలసిన సంగతి. గోడ పాదంలో మనుషులను నిద్రపుచ్చవచ్చునా అన్న ప్రశ్నకు మాత్రం న్యాయస్థానం అవసరం లేదు.

కూలీల షెడ్డు ఎలా ఉంటుందో ఈ లేఖ చదివేవారిలో చాలామంది కారు అద్దంలోంచి మాత్రమే చూసి ఉంటారు కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉంది. సర్వే బాదులు గానీ ఇనుప గొట్టాలు గానీ పాతి, వాటికి రేకులను సన్నని బైండింగ్ తీగతో కడతారు. అదే తీగతో పగటిపూట పై అంతస్తుల్లో ఇనుప చువ్వలను ముడివేసేదీ వారే. పైకప్పు రేకులు లేచిపోకుండా వాటి మీద రాళ్లు, పాత టైర్లు, పగిలిన సిమెంటు దిమ్మెలు పెడతారు. మామూలు గాలికి అవి చాలు. పెనుగాలి రేకు అంచు కిందికి దూరి ఎత్తినప్పుడు కాపలాగా పెట్టిన ఆ రాయే లోపల ఉన్నవారి నెత్తిన పడుతుంది. స్థలం మిగుల్చుకోవడానికి ఈ షెడ్లను ప్రహరీ గోడకు ఆనించో, సెల్లార్ కోసం తవ్విన గోతి అంచునో, పని జరగని పల్లపు మూలనో వేస్తారు. వానకు మొదట మునిగేదీ, మట్టి మొదట జారేదీ అక్కడే. లోపల ఒక మూల బియ్యం సంచి, దండెం మీద బట్టలు, తగరపు పెట్టెలో ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం, ఊరికి పంపగా మిగిలిన డబ్బు ఉంటాయి. అరగంట వానలో బియ్యం నానిపోతే ఆ వారం కూలి మొత్తం పోయినట్టే. కాగితాలు నానిపోతే ఆ నష్టం నెలలపాటు సాగుతుంది.

ఈ నష్టానికి ప్రభుత్వ నిబంధనలు ఏమి ఇస్తాయి? రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఇచ్చే సాయానికి కేంద్రం నిర్ణయించిన కొలతలు ఉన్నాయి. మరణానికి 4 లక్షల రూపాయలు, గుడిసె దెబ్బతింటే 8 వేల రూపాయలు వాటిలో కొన్ని. బట్టలకు, వంటపాత్రలకు విడిగా కొంత ఇస్తారు గాని, అందుకు ఇల్లు కొట్టుకుపోయి ఉండాలి, పూర్తిగా కూలి ఉండాలి, లేదా రోజుల తరబడి నీటిలో ఉండాలి. సైబరాబాద్‌లో నీరు రోజుల తరబడి నిలవదు. నాలుగైదు గంటల్లో పల్లానికి పోతుంది, పోతూ పోతూ ఉన్నదంతా పాడుచేసి పోతుంది. పైగా దెబ్బతిన్న ఇల్లు అధికారికంగా గుర్తించిన కట్టడమై ఉండాలన్న షరతు ఒకటి ఉంది. కాంట్రాక్టరు వేయించిన రేకుల షెడ్డు కూలీ సొంతం కాదు, అది దేనికీ అనుమతి ఉన్న కట్టడమూ కాదు. అంటే రేకు ఎగిరిపోతే నష్టపోయినవాడు కాగితం మీద కాంట్రాక్టరే అవుతాడు. గోదావరి వరదలోనో సముద్రతీరపు తుపానులోనో చిక్కుకున్న పల్లెను మనసులో ఉంచుకొని రాసిన నిబంధనలు ఇవి, అక్కడ వీటికి అర్థమూ ఉంది. ముప్పై అంతస్తుల భవనం నీడలో రేకుల కింద బతికే మనిషిని వీటిని రాసినవారు ఊహించినట్టు లేదు.

వానను కొలిచే పద్ధతిలోనూ ఇటువంటి చిక్కే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. రోజంతా మెల్లగా కురిసిన ఏడు సెంటీమీటర్లూ, గంటలో దంచికొట్టిన ఏడు సెంటీమీటర్లూ ఈ పట్టికలో ఒకే గడిలో పడతాయి, కానీ మొదటిది పొలానికి మేలు చేస్తే రెండవది గోడలు కూల్చుతుంది. కొలిచే పరికరాలకు కొరత లేదు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంఘానికి తెలంగాణ అంతటా వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, శేరిలింగంపల్లి, గచ్చిబౌలి ప్రాంతపు అంకెలు ప్రతి వానకూ వార్తల్లోకి ఎక్కుతూనే ఉంటాయి. ఆ గంటవారీ అంకెను పక్కనే ఉన్న బస్తీలో జరిగిన నష్టంతో కలిపి ఒకే పుస్తకంలో రాసే ఏర్పాటే లేదు.

దీనికి ఒక పరిపాలనా కారణం ఉంది. సైబరాబాద్ అన్నది పోలీసు కమిషనరేట్ హద్దు, రెవెన్యూ హద్దు కాదు. నష్టం అంచనా వేసి సాయం పంచవలసినవారు తహసీల్దార్లు, కలెక్టర్లు కాగా, ఈ కారిడార్‌లో శేరిలింగంపల్లి, గండిపేట రంగారెడ్డి జిల్లాలోకి, బాచుపల్లి, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వస్తాయి. ఇంకాస్త పడమటికి పోతే సంగారెడ్డి జిల్లా మొదలవుతుంది. ఒకే మేఘం ఒకే సాయంత్రం మూడు జిల్లాల మీద కురిసినా దాని నష్టం మూడు చిట్టాల్లో మూడు చిన్న పద్దులుగా చెదిరిపోయి, ఏ చిట్టాలోనూ పెద్దదిగా కనబడదు.

ఇక నీరు ఎక్కడికి పోతున్నదన్నది ఇరుగుపొరుగు సంబంధానికి అసలు పరీక్ష. దక్కన్ రాతినేల మీద వాననీరు ఎక్కువగా ఇంకదు కనుకనే పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి అలుగు, అంటే మిగులు నీరు పొర్లిపోయే కట్టడం, దాటిన నీరు కింది చెరువుకు చేరేది. ఆ చెరువుల మధ్య నేల ఇప్పుడు సిమెంటు, తారు, గాజు. లెక్క కట్టి చూస్తే, నీరు ఇంకని వంద ఎకరాల నేల మీద పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4 కోట్ల లీటర్లు పోగవుతాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వేలు. ఎండాకాలంలో కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్లు ఆ ట్యాంకర్ల కోసమే వరుసలో నిలబడి, మే నెల రెండో వారంలో అంత నీటినీ ఒక్క సాయంత్రం పక్కవాడి వాకిట్లోకి తోసేస్తాయి. శంకర్‌పల్లి వైపు నుంచి కోకాపేట, నార్సింగి, మణికొండల మీదుగా టోలిచౌకి దాటి హుస్సేన్‌సాగర్ వైపు సాగే బుల్కాపూర్ నాలా ఎత్తున ఉన్న కొత్త కాలనీల నీటిని పల్లంలోని పాత కాలనీలకు మోసుకుపోతుంది. 2020 అక్టోబరులో టోలిచౌకి నదీం కాలనీ రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఎగువన తళతళలాడే భవనాల్లో ఉన్నవారు ఆ దృశ్యాలను టీవీలో చూసి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో కపటం లేదు. పైనుంచి దిగిన నీటిలో తమ వాటా కూడా ఉండవచ్చునన్న ఎరుక మాత్రం లేదు.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు వదలాలి. పూర్తి నీటిమట్టం అంటే చెరువు నిండినప్పుడు నీరు తాకే గీత. దాని లోపలి నేలను రైతులు శిఖం భూమి అంటారు. మాదాపూర్ తుమ్మిడికుంటలో ఆ గీత దాటి కట్టారన్న అభియోగం మీద 2024 ఆగస్టు 24న ఒక పెద్ద కన్వెన్షన్ కేంద్రాన్ని కూల్చినప్పుడు రాష్ట్రమంతా చూసింది. ఆ పని చేసిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ అంతకు నెల ముందే ఏర్పడింది. విపత్తు స్పందన, ఆస్తుల పరిరక్షణ అనే రెండు బాధ్యతలు దాని పేరులోనే ఉన్నా, పతాక శీర్షికలకు ఎక్కేది ఎక్కువగా రెండవదే. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేయగా, అదే రోజు నగరం మీద విరుచుకుపడిన గాలివానకు చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చులు ఊడిపడ్డాయి. రెండింటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. అయినా వాన నీటిని పీల్చుకోగల నాలుగు వందల ఎకరాల గురించి నగరం వాదించుకుంటున్న రోజునే వాన తన వాదన వినిపించి పోయింది.

ఈ కారిడార్‌లో ఆపద అంటే కూలీలకే అనుకోవడం కూడా పొరపాటు. 2021 సెప్టెంబరు 25 రాత్రి కుండపోత వానలో మణికొండ గోల్డెన్ టెంపుల్ సమీపాన నడిచి వెళుతున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పైపుల కోసం తవ్వి ఉంచిన కాలువ నీటి కింద కనబడక అందులో పడిపోయాడు. రెండు రోజుల గాలింపు తరువాత నెక్నాంపూర్ చెరువులో మృతదేహం దొరికింది. 2023 సెప్టెంబరులో ప్రగతినగర్‌లో నాలుగేళ్ల బాలుడు తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయాడు. రోడ్డు మీద నిలిచిన మోకాలి లోతు నీరు జీతాల తేడా చూడదు.

పొరుగువారి సానుభూతికి కొరత లేదన్నది 2020 అక్టోబరు మరోవిధంగా రుజువు చేసింది. బంగాళాఖాతపు తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపాన తీరం దాటి తెలంగాణ మీదుగా సాగిన ఆ రెండు రోజుల్లో బేగంపేటలో 24 గంటలకు దాదాపు 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. తమిళనాడు 10 కోట్లు, ఢిల్లీ 15 కోట్లు, పశ్చిమ బెంగాల్ 2 కోట్లు ప్రకటించాయి. రాష్ట్ర ప్రభుత్వం ముంపు కుటుంబానికి 10 వేల రూపాయల చొప్పున పంచడం మొదలుపెట్టింది. నష్టపోయినవారి పేర్ల పట్టిక ముందే లేకపోవడంతో ఏమి జరిగిందో అధికారులకు తెలియనిది కాదు. అర్హులెవరో అనర్హులెవరో తేలక గొడవలు జరిగాయి, మీసేవ కేంద్రాల ముందు బారులు తీరాయి, చివరకు నగరపాలక ఎన్నికల నియమావళి అడ్డువచ్చి నవంబరులో పంపిణీ ఆగిపోయింది. డబ్బు ఉంది, దయ ఉంది, చిట్టా లేదు.

కారిడార్ లోపలి పొరుగువారి సంగతీ అంతే. గాలివాన మరునాడు అపార్టుమెంట్ల సంక్షేమ సంఘాల వాట్సాప్ బృందాల్లో దుప్పట్లు, పాత బట్టలు, బిర్యానీ పొట్లాలు పోగవుతాయి. అవి గేటుకు దగ్గరగా ఉన్న షెడ్డుకు మూడుసార్లు అందుతాయి, రెండు మలుపుల అవతల ఉన్న షెడ్డుకు ఒక్కసారీ అందవు. కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద సంస్థలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి, విపత్తు సహాయ పునరావాసాలు ఆ ఖర్చుల జాబితాలో ఉన్నాయి. కట్టడ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సుగా వసూలు చేసే చట్టం 1996లో వచ్చింది. కార్మికులకు పని జరిగే చోట ఉచితంగా వసతి కల్పించవలసినది యజమానే అని అదే ఏటి మరో చట్టం చెప్పింది. దారులు ఇన్ని ఉన్నా, వాటి చివర ఫలానా షెడ్డు, ఫలానా కుటుంబం అని చెప్పే చిరునామా లేదు.

హైదరాబాద్‌కు ఇది కొత్త పాఠం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద సుమారు 15 వేలమందిని బలిగొన్నదని అంచనా. ఆ తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆనకట్ట గీతలు గీయడానికి ముందు ఎగువ పరీవాహకంలోని చెరువులను లెక్కపెట్టించారు. 788 చెరువులు తేలాయి, వాటిలో రెండు వందలకు పైగా తెగిపోయాయని తేలింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ లెక్క మీద లేచినవే. వాటి నీటి అంచు నేటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

కనుక ఈ లేఖ కోరేది కొత్త పథకం కాదు, ఒక చిట్టా. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో వచ్చిన సవరణ రాష్ట్ర రాజధానులకూ నగరపాలక సంస్థలున్న నగరాలకూ ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థను, నగరపాలక కమిషనర్ అధ్యక్షతన, ఏర్పరచే వీలు కల్పించింది. జిల్లా హద్దులతో పని లేకుండా ఐటీ కారిడార్ మొత్తాన్ని ఒకే నష్టప్రాంతంగా చూసే బాధ్యత దానికి అప్పగించవచ్చు. ఏ షెడ్డు ఏ గోడ కింద, ఏ గోతి అంచున ఉన్నదో, అందులో ఎన్ని కుటుంబాలు ఉంటున్నాయో ప్రతి ఏటా మార్చి ముగిసేలోగా నమోదు చేసి, ప్రమాదపు చోట ఉన్నవాటిని కాంట్రాక్టరు ఖర్చుతో తరలించేవరకు ఆ నిర్మాణానికి తదుపరి అనుమతి ఆపితే బాచుపల్లి వంటి ఘటనకు సగం అవకాశం అక్కడే పోతుంది. మూడు గంటల ముందస్తు హెచ్చరిక తెలుగుతో పాటు ఒడియా, హిందీ, బెంగాలీ భాషల్లో మేస్త్రీల ఫోన్లకు చేరాలి. హెచ్చరిక వచ్చిన వెంటనే తలుపులు తెరవవలసిన కమ్యూనిటీ హాళ్లు, బడులు, ఒప్పుకున్న సంస్థల పార్కింగ్ అంతస్తులు ఏవో ముందుగానే పేర్లతో ప్రకటించాలి. గాలివాన వెలిసిన వారం లోపు గంటవారీ వర్షపాతం, కూలిన గోడలు, ఎగిరిన రేకులు, నానిన తిండిగింజలు, పోయిన పనిదినాలు బస్తీల వారీగా ఒకే పట్టికలో వెలువడాలి.

గుడిసెకు 8 వేలన్న నిబంధనను మార్చడం రాష్ట్రం చేతిలో లేదు. అయితే రాష్ట్ర విపత్తు నిధిలో పదో వంతు వరకు స్థానిక విపత్తులకు వాడుకునే వెసులుబాటు ఉంది, వడదెబ్బ మరణాల విషయంలో తెలంగాణ 2025లో దానిని వాడుకుంది కూడా. గాలివానకు దెబ్బతిన్న కూలీల షెడ్లనూ, వాటిలో తడిసిపోయిన సంసారాలనూ అదే విధంగా ఆ జాబితాలో చేర్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు ముసాయిదాను వచ్చే వేసవికి ముందు జరిగే రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం సమావేశం ముందు ఉంచవలసిందిగా ప్రధాన కార్యదర్శి గారికి విజ్ఞప్తి.

భవదీయ,
సైబరాబాద్ పౌరులలో ఒకరు